ఎల్మోకి రిటైర్మెంట్ ఇచ్చేయాలా?

ప్రశ్న: నమస్కారం అమ్మా. మేము న్యూజెర్సీలో ఉంటాం. మా పాపకి మూడేళ్ళు నిండాయి. పొద్దున కళ్ళు తెరిచింది మొదలు ఎల్మో, అదే సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ బొమ్మల షోలో ఎర్రబొచ్చువాడు. ఆ షో పెడితే ఎల్మో ఉన్నంతసేపే చూస్తుంది, బిగ్ బర్డ్ అనే పెద్ద పక్షి వచ్చాడంటే రిమోట్ తెచ్చి నా చేతిలో పెడుతుంది. చెప్పులు ఎల్మో, దుప్పటి ఎల్మో, పళ్ళ బ్రష్ ఎల్మో. నొక్కితే నవ్వే ఎల్మో బొమ్మ ఒకటి మా మరదలు కొనిచ్చింది. రాత్రి రెండింటికి ఎవరి మోచెయ్యో తగిలి అది పకపకా నవ్వుతుంది. పాప ఈమధ్య ‘నాకు’ అనడం మానేసి ‘పాపకి పాలు కావాలి’ అంటోంది, అచ్చం వాడిలాగే. నేను 1984లో, అయిదేళ్ళప్పుడు, అమ్మానాన్నలతో ఈ దేశం వచ్చాను. ఇంగ్లీషు ముక్క రాని నాకు ఆ షోలోని వీధే మొదటి బడి. అప్పుడు గ్రోవర్, ఎర్నీ, బర్ట్, కుకీ మాన్‌స్టర్, చెత్తడబ్బాలో ఆస్కర్, అందరూ ఉండేవాళ్ళు. ఇప్పుడు ఎటు చూసినా ఒక్కడే. వాడికి మర్యాదగా రిటైర్మెంట్ ఇచ్చేయమని షో వాళ్ళకి ఒక ఉత్తరం రాశాను, ఇంకా పంపలేదు. మా ఆవిడ ‘నీకేం పనిలేదా’ అంటోంది. మా అమ్మేమో ‘ఆ ఎర్రబొచ్చువాడు లేకపోతే పిల్ల నోట్లో ముద్ద దిగదు’ అంటుంది. పంపమంటారా?

సమాధానం: పంపకండి బాబూ. అంటే, ఇప్పుడు రాసినట్టుగా పంపకండి. ఎక్కడ మార్చాలో తర్వాత చెప్తాను.

మీ బాధ నాకు తెలియనిది కాదు. మా అమ్మాయి పురిటికి వెళ్ళి ఆరు నెలలు డల్లాస్ దగ్గర ఉన్నాను. పెద్దమనవడికి అప్పుడు మూడు. వంట చేస్తుంటే ఎల్మో, బట్టలు మడతపెడుతుంటే ఎల్మో. చెప్పిందే చెప్పరా పాచిపళ్ళ దాసరీ అన్నట్టు వాడు అదే గొంతుతో అదే పాట పాడుతుంటే, ఒకరోజు నేను పోపులో ఆవాలకి బదులు నల్ల నువ్వులు వేశాను. కాబట్టి ఎల్మో మీద ప్రేమ కొద్దీ మాట్లాడుతున్నానని అనుకోకండి.

కానీ విసుగు ఎవరిదో ముందు తేల్చుకోవాలి. నేను ముప్ఫయ్యొక్కేళ్ళు ఒకటో తరగతికి పాఠం చెప్పాను. ‘అ అంటే అమ్మ’ అని ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. పదేళ్ళయ్యేసరికి ఆ మాట నా నోటికి చప్పబడిపోయింది. పిల్లలకి మాత్రం చప్పబడలేదు, ఎందుకంటే ప్రతి జూన్‌లో వచ్చేవాళ్ళు కొత్తవాళ్ళు. ‘అ’ని చాలా వాడేశాం, ఇక పక్కన పెడదాం అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేదాన్ని. చందమామలో బేతాళ కథలు గుర్తున్నాయా? మీకు కాకపోయినా మీ అమ్మగారికి గుర్తుంటాయి. పాత కథలు పాతికే. అవి అయిపోయాక కూడా ఆ పత్రిక వాళ్ళు కొత్తవి అల్లుకుంటూ దశాబ్దాల పాటు నడిపారు. ప్రతి నెలా అదే చెట్టు, అదే శవం, అదే విక్రమార్కుడు. ఇక బేతాళుణ్ణి దించేయండి అని మేమెవరమూ ఉత్తరం రాయలేదు. చదివినన్నాళ్ళు చదివాం, పెద్దవాళ్ళమయ్యాం, మా తమ్ముళ్ళు అందుకున్నారు.

మూడేళ్ళ పిల్లల షో కూడా అలాంటిదే. చూసేవాళ్ళు రెండు మూడేళ్ళకి ఒకసారి పూర్తిగా మారిపోతారు. ఎల్మో నలభై ఏళ్ళుగా తెర మీద ఉన్నాడన్నది మీ లెక్క. మీ పాప లెక్కలో వాడు వచ్చి ఏడాది కూడా కాలేదు.

ఇంకొక్క సంగతి చెప్తే మీకు కోపం వస్తుందేమో. మీరు చెప్పే ఆ బంగారు కాలంలో ఎల్మో ఉన్నాడు. స్నఫీ గుర్తున్నాడు కదా, ఏనుగులాంటి ఆ బొచ్చు జంతువు? బిగ్ బర్డ్‌కి స్నేహితుడు, పెద్దవాళ్ళెవరికీ కనిపించేవాడు కాదు. ‘నా స్నేహితుడు నిజంగానే ఉన్నాడు’ అని బిగ్ బర్డ్ మొత్తుకుంటుంటే పెద్దవాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. 1985 నవంబరులో ఒకరోజు పెద్దవాళ్ళంతా స్నఫీని కళ్ళారా చూశారు. మీకప్పుడు ఆరేళ్ళుంటాయి, చూసే ఉంటారు. ఆ రోజు బిగ్ బర్డ్ వాళ్ళని పిలుచుకొచ్చేదాకా స్నఫీ వెళ్ళిపోకుండా తొండం పట్టుకుని వేలాడిందెవరు? ఆ ఎర్రబొచ్చువాడే.

అసలు వాడు ఎలా పైకొచ్చాడో చూస్తే కాస్త జాలి కూడా కలుగుతుంది. మొదట్లో వాడు గుంపులో ఒక ఎర్ర బొమ్మ. ఇద్దరు ముగ్గురు ఆడించి చూశారు, కుదరలేదు. రిచర్డ్ హంట్ అనే ఆయనకి వాడంటే బొత్తిగా గిట్టేది కాదు. ఒకరోజు గదిలోకి వచ్చి ఆ బొమ్మని కెవిన్ క్లాష్ అనే తోటి బొమ్మలాటగాడి మీదికి విసిరేశాడట. క్లాష్ స్వయంగా చెప్పిన కథ ఇది. క్లాష్‌ది బాల్టిమోర్. వాళ్ళమ్మ ఇంట్లోనే ఇరుగుపొరుగు పిల్లల్ని చూసుకునేది, అతను ఆ పసిపిల్లల మధ్యే పెరిగాడు. బరువైన గొంతు తీసేసి పీలగొంతు పెట్టాడు, చేతులు చాచి కావలించుకోవడం నేర్పాడు. అంతే, బొమ్మ లేచి కూర్చుంది. బిగ్ బర్డ్ ఎనిమిది అడుగుల పైన ఉంటాడు, ఆరేళ్ళవాడు. ఎల్మోకి మూడున్నర. చూసేవాళ్ళకి కూడా మూడూ మూడున్నరే. తన ఎత్తువాణ్ణి వదిలి ఎనిమిదడుగుల పక్షిని చూడమంటే మీ పాప ఎందుకు చూస్తుంది చెప్పండి?

1996 క్రిస్మస్‌తో కథ మారింది. చక్కిలిగిలి పెడితే ఊగిపోతూ నవ్వే ఎల్మో బొమ్మ దుకాణాల్లోకి వచ్చింది. ముప్ఫై డాలర్లు కూడా లేని బొమ్మ దొరక్క, జనం వందల డాలర్లు పోసి కొన్నారు. మీ మరదలు తెచ్చింది దాని మనవరాలే అయ్యుంటుంది. ఆ షో తీసే సంస్థ లాభాల కోసం పెట్టింది కాదు, కానీ బొమ్మల మీద వచ్చే లైసెన్సు డబ్బు షో తీయడానికి కావాలి. పాలిచ్చే ఆవుకి ఎవరైనా రిటైర్మెంట్ ఇస్తారా? మీ ఉత్తరం ఎక్కడ ఆగిపోతుందో చెప్పడానికి ఇదంతా చెప్పాను.

డబ్బొక్కటే కారణమంటే అది కూడా నిజం కాదు. షో మొదలైంది 1969లో. అప్పుడే వాళ్ళు ఒక చిత్రమైన పరీక్ష పెట్టుకున్నారు. ఎడ్వర్డ్ పామర్ అనే పరిశోధకుడు టీవీ పక్కనే ఇంకో తెర పెట్టి, కొన్ని సెకన్లకొకసారి దాని మీద కొత్త బొమ్మ మార్చేవాడు. పిల్లాడి చూపు టీవీ వదిలి ఏ క్షణంలో పక్క తెర మీదికి పోయిందో రాసుకునేవాడు. చూపు తప్పిన ముక్కల్ని మళ్ళీ తీసేవాళ్ళు. నేను టీచర్‌గా ఉన్నన్నాళ్ళూ ఈ పరీక్ష సంగతి తెలియకపోవడం మంచిదైంది, తెలిసుంటే నా పాఠాలకి ఎన్ని మార్కులు వచ్చేవో. తొంభైల్లో ఆ షోకి ఇంకా చిన్నపిల్లలు, రెండేళ్ళవాళ్ళు, చూపరులుగా రావడం మొదలైంది. గంట కార్యక్రమంలో చివరికొచ్చేసరికి వాళ్ళ దృష్టి చెదిరిపోతోంది. అందుకని 1998లో ఆ చివరి పావుగంటని ఎల్మో ఒక్కడికే ఇచ్చేశారు. రంగు పెన్సిళ్ళతో గీసినట్టుండే గది, గాజుతొట్టిలో డొరొతీ అనే చేప. అరవై నిమిషాల్లో పదిహేను. మీరు ‘వాడొక్కడే’ అంటున్న రోజుల పునాది అక్కడుంది. 2016లో ఆ గంట అరగంటైంది. ఇల్లు చిన్నదైతే గొంతు పెద్దవాడిదే వినిపిస్తుంది కదా, అదే జరిగింది.

ఆ ఏడాదే నిజమైన రిటైర్మెంట్లు కూడా జరిగాయి. 1969 నుంచి ఆ వీధిలో ఉన్న బాబ్ మెక్‌గ్రాత్, లూయిస్‌గా వేసిన ఎమీలియో డెల్గాడో, గోర్డన్‌గా వేసిన రాస్కో ఓర్మన్, ముగ్గురు మనుషుల్ని పక్కన పెట్టేశారు. నాకు అసలు బాధ అక్కడ. ఊళ్ళో ఒక అరుగు, దాని మీద ఒక తాతయ్య, దుకాణంలో ఒక మామయ్య ఉంటేనే పిల్లలకి అది వీధి అనిపిస్తుంది. బొమ్మల్ని ఎన్నయినా కుట్టుకోవచ్చు. నలభై ఏడేళ్ళు ఒకే వీధిలో నిలబడ్డ మనిషిని కుట్టలేం. మీరు ఉత్తరం రాయాల్సింది ఆ రోజున.

ఆ షోలో బొమ్మల్ని ఎప్పుడూ దించలేదా అంటే, దించారు. డాన్ మ్యూజిక్ అని ఒకడుండేవాడు, పాట కుదరక పియానోకేసి తల బాదుకునేవాడు. ఇళ్ళల్లో పిల్లలు కూడా బాదుకోవడం మొదలుపెట్టారు, వాడు మాయమయ్యాడు. రూజ్‌వెల్ట్ ఫ్రాంక్లిన్ అనే వాడు నల్లజాతి పిల్లల్ని ఒకే మూసలో చూపిస్తున్నాడని అభ్యంతరాలొచ్చాయి, డెబ్భైల్లోనే వెళ్ళిపోయాడు. ఇందాకటి స్నఫీ కూడా అంతే. పిల్లలు నిజం చెప్తుంటే పెద్దవాళ్ళు నమ్మకపోవడం చూపిస్తూ పోతే, ఇంట్లో ఎవరైనా తమకి చెడు చేసినప్పుడు పిల్లలు నోరు విప్పరేమోనన్న భయంతోనే అతన్ని అందరికీ కనిపించేలా చేశారు. వీటన్నిటిలో ఎక్కడా ‘చాలాసార్లు కనిపించాడు’ అన్నది కారణం కాలేదు. పిల్లలకి చెరుపు జరుగుతోందా అన్న ఒక్క కొలతే వాడారు. 2012లో క్లాష్ ఆ సంస్థ నుంచి తప్పుకున్నాడు. ఎల్మోని కూడా పంపించేయడానికి అంతకన్నా సులువైన సమయం ఇంకోటి దొరకదు. పంపలేదు. ర్యాన్ డిలన్ అనే కుర్రాడి చెయ్యి లోపల పెట్టి నడిపించారు. మూడేళ్ళవాళ్ళెవరికీ తేడా తెలియలేదు.

మరి మీ ఎల్మో వల్ల చెరుపు ఉందా? ‘పాపకి పాలు కావాలి’ గురించి చెప్తాను. నా క్లాసులో ఎల్మో పేరు వినని పిల్లలు, అప్పటికింకా మా ఊళ్ళోకి టీవీ కూడా రాని పిల్లలు, ‘చిన్నిగాడు బువ్వ తిన్నాడు’, ‘బుజ్జి ఇంటికెళ్తుంది’ అనేవాళ్ళు. ఇంట్లో మనం పిలిచే పేరే కదా వాళ్ళ చెవిలో పడేది! ‘పాపకి ఆకలేస్తోందా’ అని మీ అమ్మగారు రోజుకి ఎన్నిసార్లు అంటారో ఒకసారి లెక్కపెట్టండి. నేరం ఎల్మో మీద మోపేముందు ఇంట్లో వెతకాలి. మీరు సరిదిద్దొద్దు. ‘నీకు పాలు కావాలా? ఇదిగో’ అని జవాబివ్వండి చాలు, ‘నాకు’ దానంతటదే వస్తుంది.

ఇంత చెప్పాక కూడా మీ ఫిర్యాదులో నిజం ఉంది. మాది అప్పటి అనంతపురం జిల్లా, ధర్మవరం వైపు. మా చిన్నప్పుడు తోలుబొమ్మలాటలు రాత్రంతా నడిచేవి. తెర వెనక దీపం, తోలు మీద ఎరుపూ పచ్చా రంగులు, సీతమ్మ కోసం రాముడి ఏడుపు. మేం పిల్లలం మొదటి జాములోనే అమ్మ ఒళ్ళో నిద్రపోయేవాళ్ళం. జుట్టుపోలిగాడు రాగానే ఎవరో ఒకరు తట్టి లేపేవాళ్ళు. పోలిగాడు, వాడి పెళ్ళాం బంగారక్క, కేతిగాడు. రామాయణానికీ వాళ్ళకీ సంబంధం లేదు. వస్తారు, తిట్టుకుంటారు, పెద్దవాళ్ళు తలలు దించుకునే మాటలు నాలుగు అంటారు, ఊరంతా గొల్లున నవ్వుతుంది. మేం వాళ్ళ కోసమే వెళ్ళేవాళ్ళం, రాముడి కోసం కాదు. ఇది మా నాయనమ్మకి తెలిస్తే ఊరుకునేది కాదు. ఒకసారి మేం పిల్లలమంతా ‘పోలిగాడు, పోలిగాడు’ అని అరుస్తుంటే, తెర వెనకనుంచి ఆడించే పెద్దాయన పోలిగాడి గొంతుతోనే అన్నాడు: “ఉండండ్రా, ముందు హనుమంతుడు సముద్రం దాటాల!” పోలిగాడు పక్కకి పోయాడు, హనుమంతుడు వచ్చాడు. మళ్ళీ పోలిగాడు ఎప్పుడొస్తాడా అని కళ్ళు నులుముకుంటూ కూర్చున్నవాళ్ళం లంక తగలబడేదాకా చూశాం. నాకు ఆ ఆటలో ఇప్పటికీ కళ్ళముందు కదిలేది హనుమంతుడే.

సెసమీ స్ట్రీట్ వాళ్ళు పోలిగాణ్ణి పక్కకి జరపడం తగ్గించేశారు. తప్పు అక్కడుంది. వాడి కోసం వచ్చిన పిల్ల, వాడితోపాటు ఇంకొకణ్ణి చూసి వెళ్ళాలి. గ్రోవర్ హోటల్లో సూప్ ఒలకబోసుకుంటే మీరెంత నవ్వేవారో. ఆస్కర్ ‘నాకు ఇవాళ ఎవరితోనూ మాట్లాడాలని లేదు, పో’ అంటే, అలా చిరాగ్గా ఉండటం కూడా మనుషుల్లో ఒక రకమేనని పిల్లలకి తెలిసేది. ఎల్మో ఎప్పుడూ అందరినీ ప్రేమిస్తాడు. అదే ముద్దు, అదే చిక్కు. రోజంతా చక్కెర పాకం పోస్తే నాలిక మొద్దుబారుతుంది. వాళ్ళకి వేరేలా చేయడం చేతకాదా అంటే, మన దేశంలో వాళ్ళు 2006లో మొదలుపెట్టిన గలీ గలీ సిమ్ సిమ్‌లో స్కూలు యూనిఫాం వేసుకున్న చమ్కీ అనే అయిదేళ్ళ పిల్లని ముందు నిలబెట్టారు. పక్కన బూంబా అనే సింహం, గూగ్లీ అనే ఇంకో బొమ్మ. ఎర్రబొచ్చువాణ్ణి ముందు పెట్టకుండానే ఒక వీధి నిలబడింది.

అయితే అంతగా పరిచయమైపోయిన మొహం ఒకటి ఉండటం వల్ల మేలు కూడా ఉంది, అది మీరు రాయలేదు. యుద్ధానికి వెళ్ళిన సైనికుల పిల్లల కోసం ఆ సంస్థ చేసిన వీడియోల్లో ఎల్మో నాన్న లూయీ దూరదేశం వెళ్తాడు. నాన్న లేని ఇల్లు ఎలా ఉంటుందో ఎల్మో చెప్తాడు. కొత్త బొమ్మ చెప్తే ఆ పిల్లలు వినరు. 2024 జనవరిలో ‘అందరూ ఎలా ఉన్నారు?’ అని ఎల్మో పేరున ట్విట్టర్‌లో ఒక్క మాట పెడితే, వేలమంది పెద్దవాళ్ళు తమ దిగుళ్ళన్నీ వెళ్ళబోసుకున్నారు. 1998లో మూడేళ్ళున్నవాళ్ళకి ఇప్పుడు ముప్ఫై ఏళ్ళు. మీకు గ్రోవర్ ఎంతో, వాళ్ళకి ఎల్మో అంత. మీ ఆఫీసులో ఒక కుర్రాణ్ణి అడిగి చూడండి.

ఇక మీ ఉత్తరం. ‘రిటైర్మెంట్’ అన్న మాట కొట్టేయండి. మా పాప ఎల్మో కోసం వస్తుంది, వచ్చినదానికి మిగతావాళ్ళని కూడా చూపించండి, కథ మధ్యలో గ్రోవర్‌నీ బర్ట్‌నీ ఎల్మో పక్కన కూర్చోబెట్టండి, వీధిలో మనుషుల్ని పెంచండి అని రాయండి. 1985లో స్నఫీని చూసిన పిల్లాణ్ణి అని చెప్పండి. చదివేవాళ్ళు కూడా మీ వయసువాళ్ళే అయ్యుంటారు. 2025 నవంబరు నుంచి షో కొత్త రూపంలో నెట్‌ఫ్లిక్స్‌లోనూ పీబీఎస్ టీవీలోనూ వస్తోంది, పదకొండు నిమిషాల కథ చుట్టూ. ఏది ఉంచాలి, ఏది తీయాలి అని వాళ్ళు తర్జనభర్జన పడే కాలం ఇది. ఇప్పుడు రాస్తే పనికొస్తుంది.

మీ ఇంట్లో చేయాల్సింది దానికన్నా తేలిక. రెండు నుంచి అయిదేళ్ళ పిల్లలకి రోజుకి గంట చాలు, అదీ పక్కన పెద్దవాళ్ళు కూర్చుని, అని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 2016లోనే చెప్పింది. ఆ గంటలో బిగ్ బర్డ్ వచ్చినప్పుడు రిమోట్ మీ చేతికిస్తే నొక్కకండి. ‘అదిగో, నాన్న స్నేహితుడు వచ్చాడు’ అనండి. పిల్లలకి మనం ఇష్టపడేవాళ్ళ మీద కుతూహలం ఉంటుంది. రెండు రోజులు గొడవ చేస్తుంది, చేయనివ్వండి. అన్నం దగ్గర మాత్రం టీవీ కట్టేయండి. అది ఎల్మో మీద కోపంతో చెప్తున్నది కాదు, అక్కడ రాముడొచ్చినా నేను ఒప్పుకోను. మీ అమ్మగారికి ఒక పాత ఎర్ర సాక్సు, రెండు బొత్తాలు ఇవ్వండి. ఆవిడ తెలుగులో ఆడిస్తారు. ముద్ద దానంతటదే దిగుతుంది.

ఆ రాత్రి నవ్వే బొమ్మ సంగతి మర్చిపోయేదాన్ని. వెనక వెల్క్రో ఉంటుంది, లోపల చిన్న స్క్రూ. పాప పడుకున్నాక విప్పి బ్యాటరీలు తీసేయండి. డల్లాస్‌లో నేను అదే చేశాను. మా మనవడు ఆ బొమ్మని రోజూ పక్కలో వేసుకునే పడుకున్నాడు, ఆ బొమ్మ నవ్వడం లేదని నేను తిరిగొచ్చేదాకా ఎవరూ గమనించలేదు, మా అల్లుడితో సహా.